నాలుగు సెకన్లు వెనక

మా నాన్న గడియారాలు బాగుచేస్తాడు. రైల్వే స్టేషన్‌లోని ఆరు పెద్ద గడియారాల బాధ్యత ముప్పై ఏళ్ళుగా ఆయనదే. రేడియోలో గంటకోసారి వచ్చే బీప్‌లలో ఆఖరిది వినపడగానే తన చేతిగడియారం సరిచేసుకుంటాడు. దాన్నిబట్టే స్టేషన్‌లో టైమ్ కలుపుతాడు.

కిందటి నెల రేడియోవాళ్ళు పాత ప్రసారం ఆపేశారు. ఇకపై అంతా డిజిటలే, గరగర అన్నది ఉండదని ఊదరగొట్టారు. కొత్త రేడియో కొన్నది నేనే. నిజమే, పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినపడింది.

వారం తిరక్కుండా స్టేషన్ మాస్టర్ ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, గడియారాలన్నీ నాలుగు సెకన్లు వెనకున్నాయి. మళ్ళీ ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటాం."

నాన్న ఒక్కొక్కటే విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించి టైమ్ కలిపాడు. అయినా నాలుగు సెకన్లు వెనకే. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు.

"నా చెయ్యి పోయిందమ్మా. కొట్టు మూసేద్దాం," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రేడియో పక్కన నా ఫోన్ పెట్టి చూశాను. ఫోన్‌లో పన్నెండు దాటి నాలుగు సెకన్లయ్యాక గానీ ఆఖరి బీప్ రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నాన్నని వెంటబెట్టుకుని రేడియో ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడి ఇంజనీరు టీ తాగుతూ విని నవ్వాడు. "అదా! మాటని అంకెలుగా మార్చి, ముక్కలు చేసి పంపుతామండీ. దారిలో చెడినవి సరిచేసుకోవాలి కదా, అందుకని మీ రేడియో వాటిని కాసేపు పోగేసుకుని, అప్పుడు వినిపిస్తుంది. ఆ మాత్రం ఆలస్యం మామూలే."

"తెలిసీ ఆ బీప్‌లు ఎందుకు వేస్తున్నారు?" అన్నాను.

"వినేవాళ్ళకి అలవాటని ఉంచాం. అయినా ఈ రోజుల్లో రేడియో విని టైమ్ పెట్టుకునేవాళ్ళు ఎవరున్నారండీ?"

ఎదురుగా కూర్చున్న మనిషి అతని కంటికి ఆనలేదు. కప్పు లాగి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"ఆలస్యమవుతుందన్న ముక్కేదో రేడియోలో చెప్పండి బాబూ," అన్నాడు నాన్న.

"పైవాళ్ళని అడగాలండీ."

నాన్న లేచాడు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

"మీ మాట నమ్మి నా చేతిని నేనే అనుమానించుకున్నాను. అప్పుడు నేనే పైవాళ్ళనీ అడగలేదు. ముందు స్టేషన్ మాస్టర్‌కి ఫోన్ చేసి, తప్పెవరిదో మీ నోటితో చెప్పండి."

ఇంజనీరు ఫోన్ అందుకోలేదు. నంబరు నేనే నొక్కి, అతని చెవి దగ్గర పెట్టాను.