వాగు మొత్తానికి ఒకే మార్కు

వలకు పడిన చిరుగు కుట్టాలి. తెల్ల ట్రేలు కడగాలి, సబ్బు వాడకూడదు. స్పిరిట్ సీసాల మీద చీటీలు అంటించాలి. రబ్బరు బూట్లలో ఎడమదానికి పంచర్ వేయించాలి. అమ్మకు మోకాళ్ళ మాత్రలు తేవాలి. జీపు డ్రైవర్‌ను ముందురోజే బతిమాలుకోవాలి, లేకపోతే పొద్దున బండి ‘ఇంకో పని మీద’ వెళ్ళిపోతుంది. ఇంజనీరుగారికి ఫోన్ చేసి, ఈసారైనా తమరు వాగులోకి దిగుతారా అని మర్యాదగా అడగాలి.

అన్నీ చేశాను. చివరిదానికి మాత్రం, “మీరు చూస్తే నేను చూసినట్టే కదమ్మా” అనే జవాబు వచ్చింది.

నేను నగరపాలక కార్యాలయంలో, నీటి పరీక్షల విభాగంలో సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. నాకు ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పుకుంది గానీ, ఆ ఉద్యోగంలో ఏం చేస్తానో తెలిశాక చెప్పుకోవడం మానేసింది.

“జంతుశాస్త్రమంటే పులులూ ఏనుగులూ అనుకున్నానే. బురదలో పురుగులేరుకోవడానికా అంత చదువు?”

“పురుగులే కాదమ్మా, నత్తలు కూడా.”

“మరీ మంచిది.”

ఆ పని నాకు నేర్పింది మేడమ్. మా విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే శాస్త్రవేత్త. ఆఫీసులో అందరూ ఆవిడను రాళ్ళ మేడమ్ అనేవాళ్ళు, ఆవిడకు వినపడదనే భ్రమలో కాస్త గట్టిగానే. వాగులో ఏ రాయి ఎత్తినా, అడుగువైపు అంటుకుని ఉన్నవాటిని చూసి, మళ్ళీ అదే చోట అదే వైపు కిందికి వచ్చేలా పెట్టేవారు. “ఎవరింటికో వెళ్ళి పైకప్పు తీసి చూసి, తలకిందులుగా పెట్టి వచ్చేస్తామా?” అనేవారు.

నీళ్ళను సీసాలో పట్టి పరీక్షిస్తే సరిపోదా అని మొదట్లో నేనూ అడిగాను. సరిపోదు. వాగు పక్కన బట్టలకు రంగులద్దే షెడ్లు ఉన్నాయి. మా జీపు ఎప్పుడు బయల్దేరుతుందో మాకంటే ముందు వాళ్ళకు తెలుస్తుంది. ఆ పూటకు గొట్టాలు కట్టేస్తారు. మేం సీసా ముంచేసరికి నీళ్ళు అద్దంలా ఉంటాయి. మేం గేటు దాటగానే వాగు ఎర్రగానో నీలంగానో పారుతుంది, ఆరోజు ఏ రంగుకు గిరాకీ ఉంటే ఆ రంగు. అడుగున బతికే జీవాలకు జీపు వచ్చిందీ పోయిందీ తెలియదు. అవి ఎక్కడికీ పోలేవు. వచ్చిన విషమంతా అవే తాగాలి. అందుకే అక్కడ ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అని చూస్తే వాగు ఏడాది పొడుగునా ఏం అనుభవించిందో తెలుస్తుంది. సీసాలో నీళ్ళు ఆ పూట మాట చెప్తాయి, అంతే.

ఆ రోజు కింది వంతెన దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడిచాం. నేను వలకు ఎగువన నిలబడి కాలితో అడుగును కుళ్ళగించాలి, మేడమ్ దిగువన వల పట్టుకోవాలి. లేచినవన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. వంతెన కింద రాయే తగల్లేదు. అంతా మెత్తటి నల్ల బురద. కొత్తగా కట్టే భవనాల దగ్గరి మట్టిని వానలు ఏళ్ళ తరబడి తెచ్చి రాళ్ళ సందులన్నీ పూడ్చేశాయి. ఆ సందులే ఆ జీవాల గదులు. ట్రేలో దులిపితే ఎర్రటి సన్న పురుగులు మాత్రం కుప్పలుగా మెలికలు తిరిగాయి.

డ్రైవర్ గట్టు మీంచి వంగి చూశాడు. “ఇన్నున్నాయిగా మేడమ్. వాగు చచ్చిపోయిందంటారేం మరి?”

“ఊపిరాడని చోట కూడా బతకగలిగేవి ఇవొక్కటే బాబూ. ఉన్న కాస్త గాలినీ ఒంట్లో దాచుకుంటాయి, ఆ ఎరుపు అందుకే. వీటికి పోటీ వచ్చేవాళ్ళంతా పోయారు. ఊరంతా ఖాళీ అయ్యాక మిగిలినవాడు నేనే సర్పంచిని అన్నట్టు.”

షెడ్ల దగ్గరా అదే. ఆస్పత్రి మురుగు కలిసే చోట ఆ ఎర్ర పురుగులు కూడా పలచబడ్డాయి.

ఊరి పైచివర, పాత గోదాముల వెనక, వాగు మలుపు తిరుగుతుంది. రోడ్డు కింది పైపులోంచి బయటపడి, షెడ్లను చేరేలోపు, గులకరాళ్ళ మీంచి చప్పుడు చేస్తూ పారే కాస్త మేర అది. రాళ్ళ సందులు ఇంకా తెరిచే ఉన్నాయి. అక్కడ వల దులిపితే ట్రే నిండా ప్రాణాలే. మూడు తోకల పిల్లపురుగులు పొట్ట పక్కన మొప్పలు ఆడిస్తూ ఈదాయి. ఇసుక రేణువులు అంటించి గొట్టంలాంటి ఇల్లు కట్టుకున్న పురుగులు తలలు మాత్రం బయటపెట్టి చూశాయి. తూనీగ పిల్లలు, నత్తలు, అలిగినట్టు పక్కకు నడిచే ఒక చిన్న పీత.

“ఇదే మన విత్తనాల గాదె,” అన్నారు మేడమ్. “రేపు కింద ఎంత శుభ్రం చేసినా, అక్కడికి కొట్టుకెళ్ళి కాపురం పెట్టాల్సింది వీళ్ళే. ఇది పోతే మళ్ళీ మొలకెత్తడానికి ఏమీ ఉండదు.”

మేం ఎందుకు లెక్క తీస్తున్నామో ఇక్కడ చెప్పాలి. వాగును అందంగా తీర్చిదిద్దే పని ఒకటి మంజూరైంది. గట్ల మీద నడకదారి, బల్లలు, దీపాలు. నిబంధన ఏమిటంటే, అడుగున జీవం ఉన్నచోట అడుగును ముట్టుకోకూడదు. లేదని తేలితే అడుగంతా సిమెంటు పోసేయొచ్చు. దొరికిన జీవాలను బట్టి మేం ఒక్కో చోటుకు వేసే మార్కుల మీద ఆ మలుపు ఉండడమో పోవడమో తేలుతుంది.

ఇంజనీరుగారు చెడ్డమనిషి కాదు. సర్వీసంతా రోడ్లు వేశారు. మేడమ్ ఇచ్చిన కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఇన్ని మార్కులేంటి మేడమ్? వాగు ఒకటేగా?”

“వాగు ఒకటే సార్. చోట్లు వేరు. మలుపు దగ్గర ఒకలా ఉంది, మిగతాచోట్ల ఒకలా ఉంది.”

“రోడ్డైనా అంతేగా. నాలుగుచోట్ల తవ్వుతాం, సగటు తీస్తాం, ఒక అంకె రాస్తాం.” కాలిక్యులేటర్ మీద వేళ్ళు ఆడించారు. “ఇదిగో, ఫెయిల్. మొత్తం సిమెంటు వేసుకోవచ్చు. తలనొప్పి వదిలింది.”

“సార్, ఒకింట్లో నలుగురు పిల్లలున్నారు. ముగ్గురు తప్పారు, ఒకమ్మాయికి ఫస్టు ర్యాంకు వచ్చింది. సగటు తీసి ఆ పిల్లను కూడా బడి మాన్పించేస్తామా?”

“మాకొక్కడే మేడమ్.”

“పాసయ్యాడా?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. గుమాస్తాకు దగ్గు వచ్చింది.

“వాడి సంగతి ఇక్కడ అనవసరం,” అన్నారు ఇంజనీరుగారు.

మేడమ్ అప్పటికీ నిలబడే ఉన్నారు. ఆ గదిలో ఖాళీ కుర్చీ ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. వాగులోంచి నేరుగా వచ్చాం కాబట్టి ఆవిడ ప్యాంటు మోకాళ్ళ దాకా తడిగా ఉంది. నేల మీద నీళ్ళ మరక పడితే అటెండరు కసురుకుంటూ గోనెపట్టా తెచ్చి వేశాడు.

“షెడ్ల నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు పెడుతున్నారు, సంతోషం,” అన్నారావిడ. “నీళ్ళు బాగుపడతాయి. కానీ బాగుపడ్డ నీళ్ళలోకి రావడానికి ఎవరో ఒకరు ప్రాణాలతో ఉండాలి కదా. మలుపును కూడా సిమెంటు చేస్తే మీకు మిగిలేది శుభ్రమైన కాలువ. అందులో ఈగ కూడా పుట్టదు.”

“ఈగలు పుట్టకపోతే మంచిదేగా మేడమ్.”

గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేడమ్ నవ్వు ఆగేదాకా ఆగారు. “నేను దిగిన నీళ్ళకు నేను సంతకం పెడతాను సార్. మీ సగటులో నేను దిగలేదు.”

ఆ నెలాఖరుకు ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం అడిగితే, అసలు పొడిగించడానికే కారణం ఉండాలి గానీ ఆపడానికి ఎందుకన్నారు.

తర్వాత ఇంజనీరుగారు నన్ను పిలిచి, ఈసారి కుర్చీ చూపించారు. “కష్టపడి చదువుకున్నదానివి. పర్మనెంటు పోస్టు ఒకటి వస్తోంది, నీ పేరు రాద్దామనుకుంటున్నా. ఆ సగటు కాగితం ఒక్కటి నీ చేత్తో అయిపోతే.”

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బ్లీచింగుకు పగిలిన వేళ్ళకు నూనె రాసుకుంటోంది.

“నువ్వు కాకపోతే ఇంకొకరు సంతకం పెడతారు. ఆ పెట్టేదేదో నువ్వే పెడితే పోయిందేముంది?”

“అమ్మా, గుట్టెడు మురికి దుప్పట్ల మధ్య ఒక ఉతికిన దుప్పటి ఉందనుకో. అన్నీ కలిపి మురికే అని రాసి తగలబెట్టమంటే?”

“పోలికలు బాగానే చెప్తున్నావు. దుప్పటి కోసం ఎవరి ఉద్యోగం పోదే తల్లీ.” నూనె సీసాకు మూత పెడుతూ, నా వైపు చూడకుండా, “తగలబెట్టడమేంటి, పిచ్చి వెధవలు” అంది. అంతకు మించి సాయం చేయలేదు, అడ్డూ పడలేదు.

మర్నాడు ఇంజనీరుగారి బల్ల మీద కాగితం పెట్టాను. ఒక్కో చోటుకు ఒక్కో మార్కు, కింద నా సంతకం. కలిపి వేసిన అంకె కింద పెట్టనన్నాను. ఆయన జాలిగా చూశారు. సంతకాలకేం కరువు? పార్కుల విభాగం నుంచి ఒకాయన వచ్చి, నిలబడే చేసి వెళ్ళాడు. వాగు ఏ వైపు పారుతుందో మ్యాపులో చూపించమంటే ఒకసారి వెనక్కి చూపించిన మనిషి. నన్ను మంచినీళ్ళ సీసాలు పరీక్షించే గదికి మార్చారు.

యంత్రం మలుపు దగ్గరికి వచ్చిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. నాకంటే ముందే మేడమ్ అక్కడున్నారు, చేతిలో బకెట్‌తో. తవ్వి గట్టు మీద పోసిన రాళ్ళు ఎండలో పొగలు కక్కుతున్నాయి. ఇసుక గొట్టాల్లోని పురుగులు తలలు లోపలికి లాక్కున్నాయి. నీళ్ళు తగ్గితే అవి చేయగలిగింది అంతే. మూడు తోకలవి అప్పటికే రాయికి అతుక్కుని ఎండిపోయాయి.

కాంట్రాక్టరు మర్యాదస్థుడు. “రాళ్ళు కావాలా మేడమ్? అడ్రసు చెప్పండి, లారీలో పంపిస్తాను.”

ఇంకా ప్రాణం ఉన్నవాటిని ఇద్దరం చేతికందినన్ని ఏరి బకెట్లో వేశాం. బకెట్ నిండాక ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చింది. ఎక్కడ పోయాలి? పైన రోడ్డు కింద పైపు. కింద షెడ్ల నీళ్ళు. ఇంత ఊళ్ళో ఒక బకెట్ ప్రాణాలు పోయడానికి చోటు లేదు. ఆవిడ ఆ బకెట్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి యంత్రానికి కాస్త ఎగువన, రేపు సిమెంటు పడే చోటే, నెమ్మదిగా వంచారు. ఇంకేం చేయమంటారు?

ఇప్పుడు నడకదారి ఉంది, దీపాలున్నాయి. శుద్ధి ప్లాంటు నిజంగానే పనిచేస్తోంది. ఏ పూట సీసా ముంచినా నీళ్ళు పాసవుతాయి. ఆ నీళ్ళలో ఏమీ లేదు. ఎర్ర పురుగు కూడా లేదు. దోమలను తినే తూనీగ లేదు, కాబట్టి దోమలు మాత్రం దీపాల చుట్టూ నిండుగా ఉన్నాయి. జనం అర్జీలు పెడుతున్నారు.

మొన్న మా గదికి ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది. నీరు శుభ్రపడినా వాగులో జీవం తిరిగి రాకపోవడానికి కారణం తెలియరాలేదట, ముందుగా ఎవరూ హెచ్చరించలేదట, బయటి నిపుణులతో అధ్యయనం చేయించాలట. అది పట్టుకుని ఇంజనీరుగారి గదికి వెళ్ళాను.

“సార్, మేడమ్ చెప్పారు కదా. ఈ గదిలోనే చెప్పారు. మీరు నవ్వారు.”

“చెప్పారేమోనమ్మా. ఫైల్లో లేదే.”

మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పుడు ఒక మందుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. అధ్యయనానికి పిలిస్తే వస్తారా అని అడిగాను.

“ఏం చూడ్డానికమ్మాయ్?” అన్నారు.

ఫోన్ పెట్టేశాను. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఊళ్ళోనూ ఏదో ఒక వాగు ఉంటుంది, దానికీ ఏదో ఒక రోజు బల్లలూ దీపాలూ వస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు చేతులు దులుపుకుని, “ఇలా అవుతుందని మాకెవరూ చెప్పలేదు” అంటారు. ఆ మాట విన్నప్పుడు దయచేసి ఊరుకోకండి. చెప్పారు. ఒకావిడ తడి బట్టలతో వాళ్ళ ఎదురుగా నిలబడి, అందరూ నవ్వుతుంటే, అర్థమయ్యే మాటల్లో చెప్పారు. ఆవిడను గుర్తు పెట్టుకోండి.