ఏడాది కౌలు

చాటలో కందిపప్పు ఏరుతున్న నిరోషా చూపు పప్పు మీద నిలవడం లేదు, పక్కనున్న ఫోన్ మీదికే పోతోంది. కొత్త కోడలిగా తాండూరు వచ్చినప్పటి నుంచి ఆమెకు ప్రతిదీ పండగే. భర్త మహిధర్ బండి వెనక కూర్చుని కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా పోవడం, వానలో తడవడం, ఒకే గ్లాసులో చాయ్ పంచుకోవడం. పొద్దున అన్నిటికంటే పెద్ద పండగ వచ్చింది. కాలేజీ రోజుల నుంచి రాసుకున్న కథల్ని పుస్తకంగా వేస్తామని హైదరాబాదు ప్రచురణ సంస్థ ఒకటి ఒప్పందం పంపింది. వంటింట్లోనే గిర్రున తిరిగింది. తర్వాత చదివింది. కథల మీద సర్వహక్కులూ శాశ్వతంగా సంస్థవేనట. సినిమా, ఆడియో, అనువాదం, చివరికి మార్పులూ చేర్పులూ.

"వాళ్ళు ఫోన్ చేస్తే నేను సరే అన్న. సంతకం పెట్టి పంపియ్యి," అన్నాడు మహిధర్, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు పోవడానికి తయారవుతూ.

"నన్నడగకుండనే?"

"అరే, ఖుషీల అనేసిన. కొత్తోళ్ళకు గింత దొరుకుడే మస్తు. గట్ల మొకం పెడ్తవేంది?"

ప్రేమగానే అన్నాడు. అదే చిక్కు. కోపంతో అన్న మాటనైతే కాదనొచ్చు. అత్త అరుణాదేవి కూడా కోడలు కథలు రాస్తదని వాడకట్టంతా చెప్పుకుంటుంది. "ఆ అత్త కథ ఒక్కటి తీసెయ్యి బిడ్డా, నా గురించే అనుకుంటరు," అనీ ప్రేమగానే అంటుంది. గాజులు, చీరలు, ఇంటిపేరు, అన్నీ ప్రేమగానే ఇచ్చారు. తీసుకునేవీ ప్రేమగానే తీసుకుంటారేమో.

అరుగు మీద మామ నర్సింహులుతో కౌలుదారు అంజిలయ్య మాట్లాడుతున్నాడు.

"పటేలా, ఏటేటా అడుగుడెందుకు, ఐదేండ్లకు రాసియ్యరాదు?"

"ఏడాదికే ఇస్త. పంట నీది, చేను నాది. కాయంగ రాసిస్తే చేను ఎవరిదో నాకే యాదుండదు."

నిరోషా చాట పట్టుకునే గడప దాకా వచ్చింది. "మామయ్యా, చేనుకే గిట్లనా, అన్నిటికా?"

"మనది ఏదైనా గంతే బిడ్డా," అన్నాడాయన, దేని గురించి అడిగిందో తెలియకుండానే.

ఆమెకు నవ్వొచ్చింది. వెనక్కి వచ్చి చాట దింపి, ఫోన్ తీసి సంస్థకు జవాబు రాసింది: మొదటి ముద్రణకు మాత్రమే ఇస్తాను. మిగతా హక్కులన్నీ నావే. నన్నడగకుండా ఒక్క మాటా మార్చకూడదు.

బండి తాళాల కోసం వచ్చిన మహిధర్ భుజం మీదుగా చదివాడు. మొహం చిన్నబోయింది. "వాళ్ళు వద్దంటే? నా మాట పోతది."

"మీ మాట పోతే నేను సారీ చెప్త. నా కథలు పోతే ఎవరు తెచ్చిస్తరు? వద్దంటే వికారాబాద్‌ల ప్రెస్సు చూసుకోని నేనే అచ్చేసుకుంట. పుస్తకాల కట్టలు మీ బండి మీదనే తేవాలె."

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె పంపేసింది. చాట తీసుకుని వంటింటి వైపు నడిచింది.

"అత్తమ్మా, పప్పు ఏరిన. ఆ కథ మాత్రం తీస్తలేను."