పళ్లెం చెప్పిన దొంగసాక్ష్యం

నేను ఒక దొంగసాక్షిని. చూడ్డానికి మాత్రం మామూలు స్టీలు పళ్లేన్ని. నా అంచు మీద చుక్కలు చుక్కలుగా ‘పైడితల్లి పెళ్లికి మేనమామ కానుక’ అని చెక్కి ఉంటుంది. ఏ ఫ్యాక్టరీలో రేకునయ్యానో, ఏ అచ్చులో గుండ్రంగా సాగానో నాకంత గుర్తు లేదు గానీ, ఆ పేరు పొడిచిన మిషను మాత్రం గుర్తుంది. ఒళ్లంతా జిల్లుమంది. మనుషులకు కానుక ఇస్తే సరిపోదు, ఇచ్చామని నలుగురికీ తెలియాలి కదా!

గాజువాకలో పైడితల్లి నాలుగేళ్లు నాలో అన్నం తింది. ఓసారి గట్టు మీంచి పడి నా అంచు వంగింది. అంతే, మరునాడే నన్ను కుక్కల షెడ్డులోకి తోసేశారు. ఆవిడ భర్త సన్యాసిరావు గ్రేట్ డేన్ కుక్కల్ని పెంచి అమ్ముతాడు. తెల్లటి ఒంటి మీద చిరిగిన గుడ్డముక్కల్లా నల్లమచ్చలుంటాయే, ఆ రకం. పోటీల్లో గెలిచిన కప్పులు దేవుడి పటాల పక్కనే పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. అసలైన జాతికుక్క ఎలా ఉండాలో అందులో ఉంటుందట. మచ్చలు ఎక్కడుండాలి, మెడ ఎంత తెల్లగా ఉండాలి, తోక ఎక్కడికి రావాలి అని రోజూ పైకి చదివేవాడు. చెవి ఎలా వాలాలో కూడా రెండు పేరాలు రాశారు. అది వినాలని మాత్రం ఎక్కడా రాయలేదు. నేను ప్రతి ముక్కా విన్నాను, ఒట్టు.

కుక్కలకు టీకాలు వేసే హెప్సిబా డాక్టరు ఒకరోజు ఆయన్ని గట్టిగానే అడిగింది.

“మచ్చలదాన్ని మచ్చలదానితో మళ్లీ కలిపారా సన్యాసిరావుగారూ? వద్దని చెప్పానా లేదా? తెల్లపిల్లలు పుడతాయి. వాటిలో చాలావాటికి చెవుడొస్తుంది, కొన్నిటికి చూపుండదు. నల్లదానితో కలపండి.”

“నల్లకుక్కనెవుడు కొంటాడండీ డాక్టరమ్మా? మచ్చలు కావాల, నీలికళ్లు కావాల అంతన్నారు జనం. నానేటి సెయ్యను?”

“జనం అడిగితే గుడ్డిపిల్లల్ని పుట్టిస్తారా?”

“అయ్యన్నీ మీ సదువుల్లో మాటలండీ,” అని ఆయన నవ్వేశాడు. ఆవిడ సూదుల పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ ఈతలో ఏడు పిల్లలు. వాటిలో ఒకటి పాలలా తెల్లగా, నీలికళ్లతో పుట్టింది. మచ్చలేని తెల్లది పోటీలకు పనికిరాదని పుస్తకం అంది. అరుదైన రంగని చెప్పి అమ్మొచ్చని సన్యాసిరావు అన్నాడు.

నెల దాటాక పిల్లలకు నాలో కోడిమాంసం కలిపిన అన్నం పెట్టేవారు. గరిటతో నన్ను టంగుటంగున కొడితే ఆరు పిల్లలు ఉరికొచ్చేవి. తెల్లది నిద్రపోతూనే ఉండేది. తోటివి తొక్కుకుంటూ లేస్తే అప్పుడు తనూ లేచేది. పైడితల్లికి వారంలోనే అర్థమైంది.

“ఏటండీ, దీనికి సెవులినపడవు. సూడండి, నెత్తి మీద పళ్లెం కొట్టినా కదల్దు.”

“నువ్వూరుకో,” అన్నాడాయన.

అనకాపల్లి నుంచి వకుళ అనే టీచరమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. తెల్లపిల్లని చూడగానే కరిగిపోయింది. “దీనికి చెవులు బాగా వినిపిస్తాయా? తెల్లవాటికి చెవుడుంటుందని ఎక్కడో చదివాను,” అని అడిగింది.

“మీరే సూడండి,” అన్నాడు సన్యాసిరావు. పిల్ల పడుకున్న చెక్కబల్ల మీద, పొగలు కక్కే మాంసపు అన్నంతో నన్ను పెట్టి, గరిటతో ఒక్కటిచ్చాడు. బల్ల అదిరింది. మాంసం వాసన ముక్కుకు కొట్టింది. పిల్ల తలెత్తి నా వైపు తిరిగింది.

“అయ్యో బంగారం, వినిపించిందే!” అని వకుళ దాన్ని గుండెకు హత్తుకుంది.

గుమ్మంలో పైడితల్లి నోరు తెరిచి, మొగుడి వైపు చూసి, మూసుకుంది. ఆవిణ్ణి ఏమని అనను? మోగింది నేను.

ఈ చప్పుడుకి అలవాటు పడిందని చెప్పి నన్నూ ఇచ్చి పంపాడు. వకుళ దానికి కోవా అని పేరు పెట్టింది. అది ఎప్పుడూ ఆవిడ కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేది. వెనకనుంచి పిలిస్తే రాదని “మొండిఘటం!” అని వకుళ ముద్దుగా తిట్టేది. నేను లోలోపల కుమిలిపోయేదాన్ని.

ఒక ఉదయం గ్యాసుబండ తెచ్చినతను గేటు తీసి వదిలేశాడు. కోవా బయటికి నడిచింది. అటువైపు వీధికుక్క ఏదో కనబడింది కాబోలు, తోక ఊపుకుంటూ రోడ్డెక్కింది. దూరంగా లారీ వస్తోంది, హారన్ కొడుతూనే ఉంది. వకుళ నన్ను పట్టుకుని పరుగెత్తింది. “కోవా! కోవా!” అంటూ గరిటతో బాదింది, బాదింది. నా అంచు చీలింది. నేను పుట్టాక అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. వీధి వీధంతా తిరిగి చూసింది. కోవా ఒక్కటే చూడలేదు.

పది రోజులకు వకుళ గాజువాక వచ్చింది. నన్ను సన్యాసిరావు ముందు పెట్టింది.

“చెవుడని చెప్పుంటే గొలుసేసి ఉంచేదాన్ని కదండీ. చెవుడైతే మాత్రం పెంచుకోనా?”

“ఇంకో పిల్లనిస్తానమ్మా,” అన్నాడాయన. ఆవిడ నన్నక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

పైడితల్లి నన్ను ఏడుస్తూ తోమింది. ఆ ఏడాదే అదే జంటకు మళ్లీ ఈత. ఈసారి మూడు తెల్లవి. కొనేవాళ్లు వస్తున్నారని తెలిసిన రోజు ఆవిడ నన్ను కొంగులో చుట్టి తెచ్చి బియ్యం డ్రమ్ములో పాతేసింది. “నీతో ఇంక ఆ పని సెయ్యనివ్వనే,” అంది. బియ్యం మధ్య నాకు మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

అవతల సన్యాసిరావు పళ్లెం కోసం వెతికాడు, కేకలేశాడు. పైడితల్లి డ్రమ్ము మూత ఇంకాస్త గట్టిగా నొక్కింది. కాసేపటికి అలమర తలుపు కిర్రుమంది. గిన్నెలు కదిలాయి. తర్వాత టంగుమని ఒక చప్పుడు. నాది కాదు, ఇంకో పళ్లేనిది.

“అబ్బ, మూడూ ఎంత చురుగ్గా తలెత్తాయో!” అంది ఎవరిదో కొత్త గొంతు.