మేనత్త మిరియం

పియానో టీచరమ్మ రోజూ పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగి, గోళ్లు కత్తిరించుకునే పనుందేమో చూసుకుని, పియానో ముందు కూర్చునేది. ఎనిమిదింటికి లేచేది. అప్పుడు ఊడ్చే మనిషి వచ్చి పియానో కింద చీపురు పెట్టేది. వాయించేటప్పుడు పడ్డ తప్పులన్నీ అక్కడే రాలి ఉండేవి. ఎవరి తప్పులు వాళ్లవే. టీచరమ్మవి మిరియాల్లా నల్లగా, గుండ్రంగా ఉండేవి. ఆవిడ మేనకోడలివి నువ్వుల్లా సన్నగా ఉండేవి. కాలేజీ ప్రిన్సిపాలుగారు వాయించే రోజుల్లో ఆయనవి శనగలంతేసి ఉండేవని చెప్పుకుంటారు.

"ఇవాళ నాలుగే పడ్డాయమ్మా, ఒంట్లో కులాసాగా ఉన్నట్టుంది," అనేది ఊడ్చే మనిషి. కచేరీ దగ్గరపడే రోజుల్లో మాత్రం చేట కూడా వెంట తెచ్చుకునేది.

ఇరవై ఆరేళ్లుగా ఆవిడ బతుకు ఇదే. కాలేజీలో పాఠాలు, ఏడాదికి పదో పదిహేనో కచేరీలు, మిగిలిన పొద్దంతా పరిశోధన. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందట పోయిన ఒక స్వరకర్త ఆఖరి రచన వానకు తడిసి, సగం పేజీల్లో సిరా అలికినట్టయిపోయింది. ఆయన చిత్తుకాగితాలూ ఉత్తరాలూ శిష్యుల నోటుపుస్తకాలూ గాలించి, అలికిపోయిన చోట ఏ స్వరం ఉండేదో ఒక్కొక్కటే తేల్చింది. అందుకు పదకొండేళ్లు పట్టింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లను "ఈ పేజీ అవనీయండి" అని పంపేసేది. పేజీలన్నీ అయ్యేసరికి అడిగేవాళ్లు అడగడం మానేశారు.

ఆవిడకు పిల్లలంటే అన్నయ్య కూతురే. ఆరో ఏట ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి స్వరం నొక్కించింది. ఇప్పుడా పిల్ల కూడా అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. అత్త ఇంటి తాళంచెవి దాని దగ్గర ఒకటుంది, అత్త బీరువాల మీద హక్కూ ఉంది.

రచన పూర్తయిన వారానికి టీచరమ్మ దాన్ని మొదటి నుంచి వాయించి చూసుకుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే వాయించింది. అయినా పన్నెండో పేజీ మూడో వరుసలో టప్పున ఒక మిరియం రాలింది. మళ్లీ వాయించింది, మళ్లీ రాలింది. వేళ్లు తప్పు చేయలేదంటే రాసిన చెయ్యే చేసుండాలి. తీరా చూస్తే, ఎడమచేతి స్వరాలు అక్కడ పై స్థాయికి మారాలని స్వరకర్త పెట్టిన చిన్న గుర్తును చూసుకోకుండా ఎత్తి రాసేసింది. ఇంత వయసొచ్చి ఇదేం పరాకని తనను తానే తిట్టుకుని, దిద్ది, ముందుమాట రాయడంలో పడింది.

మూడు నెలల తర్వాత అన్నయ్య వచ్చాడు. చేతిలో ఒక కొత్త పుస్తకం, దాని ఆవిష్కరణ సభకు ఆహ్వానపత్రిక. పుస్తకం అట్ట మీద స్వరకర్త పేరు, దాని కింద మేనకోడలి పేరు. ఆఖరి పేజీలో "ప్రోత్సహించిన మా మేనత్తకు" అని ఒక్క ముక్క.

"ఏంటన్నయ్యా ఇది?"

"నీకు చెబుదామనే అనుకుందటే. నోరు రాలేదట," అన్నాడు అన్నయ్య, గోడకేసి చూస్తూ. "పరిశోధన విభాగంలో పెద్ద పోస్టు ఖాళీ అయింది. నువ్వింకో నాలుగేళ్లలో రిటైరవుతావు. దానికి బోలెడు జీవితముంది."

"పదకొండేళ్లు, అన్నయ్యా."

"నీ పేరైతే ఏంటి, దాని పేరైతే ఏంటి? ఇంటిపేరు ఒక్కటేగా!"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పేరు పోయినందుకన్నా, ఇంట్లోవాళ్లంతా కూడబలుక్కుని తన ఎదుట మామూలుగా మసలినందుకు. పన్నెండో పేజీ తిప్పింది. మూడో వరుసలో తప్పు అలాగే ఉంది. తను దిద్దకముందే బీరువాలోంచి తీసి నకలు రాసుకుపోయారన్నమాట. పుస్తకం మూసి, "వస్తాలే," అంది.

మేనకోడలికి ఆ తప్పు సంగతి తెలిసే దారి లేదు. ఎవరి కంటా పడకూడదని గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కరెంటు పియానో మీదే సాధన చేసింది. కరెంటు పియానోలోంచి ఏమీ రాలవు. ఈకాలం పిల్లలకు అదంటే ప్రాణం అందుకే.

ఆదివారం పదకొండింటికి కాలేజీ హాలు నిండిపోయింది. వేదిక పక్కన పుస్తకాలు దొంతరగా పేర్చారు. మేనకోడలు వాయించింది. ఎంత బాగా వాయించిందంటే ఒక్క నువ్వుగింజ రాల్లేదు. అత్తకు గర్వమొచ్చింది. ఆ గర్వం వచ్చినందుకు ఏడుపూ వచ్చింది.

పన్నెండో పేజీలో మిరియం రాలింది. చెక్క వేదిక మీద దొర్లుకుంటూ వచ్చి ముందు వరుసలో ప్రిన్సిపాలుగారి బూటుకు తగిలి ఆగింది. ఆయన వంగి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వాయించడం ముగిసింది. అక్కడక్కడ చప్పట్లు మొదలై ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ మిరియాన్ని ఎరగనివాళ్లు ఆ కాలేజీలో ఎవరున్నారు?

"టీచరుగారూ, ఇది మీదేనా?" అని ప్రిన్సిపాలు వెనక్కి తిరిగి అడిగాడు.

అన్నయ్య ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "కాదని చెప్పవే. నీకు దణ్ణం పెడతా."

నలుగురిలో తన తప్పు ఒప్పుకోవడమంటే ఆవిడకు చావుతో సమానం. చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది.

"నాదేనండి. పన్నెండో పేజీ, మూడో వరుస. నేను రాసేటప్పుడు చేసిన తప్పు. తర్వాత దిద్దాను. దిద్దిన ప్రతి మా ఇంట్లో ఉంది."

ప్రిన్సిపాలు మేనకోడలికి పెద్ద పోస్టు ఇస్తున్నట్టు ప్రకటన రాసి ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆ పుస్తకాలు లోపల పెట్టించండి," అన్నాడు.

మేనకోడలు వేదిక దిగి వచ్చింది. ముఖమంతా కందిపోయింది.

"తప్పుందని నీకు ముందే తెలుసు కదత్తా! అంతమందిలో నన్ను నిలబెట్టేదాకా చూస్తూ కూర్చున్నావా? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"పుస్తకం చూసిన రోజు నుంచి ఇవాళ్టికి తొమ్మిది రోజులు," అంది టీచరమ్మ. "రోజూ తలుపు గడియ పెట్టకుండా కూర్చున్నానే. వచ్చుంటే చెప్పేదాన్ని."