మలకై కోసిన గీత

షానన్ ఏరు పొంగేటప్పుడు చప్పుడు చెయ్యదు. ఉత్తరాన కొండల్లో సోమవారం పడ్డ వాన తీరిగ్గా, దారిలో ఉన్న సరస్సులన్నిట్లోనూ ఆగి కబుర్లు చెప్పుకుంటూ వచ్చినట్టు, వారం చివరికి క్లూనవారా ఊరి దగ్గర పచ్చికలోకి చేరుతుంది. పొద్దున గడ్డి మొదళ్ళు తడిగా కనిపిస్తాయి. సాయంత్రానికి బూటు మునుగుతుంది. మర్నాడు ఏరెక్కడో పచ్చికెక్కడో తేల్చుకోవడం హంసలకే సాధ్యం.

ఆ బుధవారం పొద్దున పోస్టు నోయెల్ సైకిలు గోడకి ఆనించి, ఉత్తరం ఇవ్వడానికి ముందే ఆ కబురు చెప్పాడు. "ఎగువన ఆనకట్ట తలుపుల దగ్గర నీళ్ళు రెండంగుళాలు పెరిగాయి డింప్నా. శనివారానికి నీ పచ్చిక మునుగుతుంది. ఆదివారం దాటదు."

డింప్నా క్లాఫీ రొట్టె పిండి చేతుల్తోనే గుమ్మంలోకి వచ్చింది. ఆమెకి తొమ్మిది ఆవులున్నాయి. వసంతమంతా వానే కాబట్టి పై పొలంలో గడ్డి పండలేదు, కుళ్ళింది. చలికాలానికి మిగిలిందల్లా ఏటి పక్క పచ్చికే. అది నడుము ఎత్తున పెరిగి, గడ్డిలో గూడు పెట్టే గడ్డికోడి పిల్లలు పెద్దవయ్యేదాకా కోయకూడదన్న గడువు కూడా దాటి, కోతకి సిద్ధంగా ఉంది.

"డెక్లన్‌ని ఇవాళే రమ్మను. కోత మిషను ఖాళీగానే ఉందిగా?" అంది.

నోయెల్ తల గోక్కున్నాడు. "ఖాళీనే. కానీ ఈ ఏడు అంచుదాకా కోయాలి కాబట్టి గీత తొక్కందే పచ్చికలో చక్రం పెట్టనన్నాడు. నువ్వూ పొరుగున ఉన్న ఫింటనూ ఇద్దరూ కలిసి తొక్కాలట. పదకొండేళ్ళ కిందటి గొడవ మళ్ళీ తన నెత్తిన పడితే ఊరుకోనన్నాడు."

డింప్నా లోపలికి వెళ్ళి పిండిని మామూలుకన్నా గట్టిగా రెండు గుద్దులు గుద్దింది.

ఆ పచ్చికలో కంచెలుండవు. కడితే ఏరు పట్టుకుపోతుంది. ఎవరి పొలం చెక్క ఎక్కడిదాకానో తెలియడానికి పైన గట్టు మీద రాళ్ళు పాతి ఉంటాయి, అంతే. కోతకి ముందు ఇరుగూ పొరుగూ ఇద్దరూ రాయి దగ్గర నిలబడి, భుజం పక్కన భుజం పెట్టి, ఏటి దాకా తిన్నగా నడుస్తారు. వాళ్ళ కాళ్ళ కింద నలిగిన గడ్డే ఆ ఏడాదికి సరిహద్దు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. దీనికి కాగితం అక్కర్లేదు, వకీలు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడే స్థితిలో ఉంటే చాలు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పదకొండేళ్ళ కిందట డింప్నా మొగుడు మలకై ఓ పొగమంచు పొద్దున, తోడు ఎవరూ లేకుండా, ఒక్కడే గీత తొక్కి కోసేశాడు. ఫింటన్ గినన్ అప్పుడు చనిపోయిన తల్లిని సాగనంపే పనిలో ఉన్నాడు. తిరిగొచ్చి చూసేసరికి తన చెక్కలోంచి ఏటి వైపు ముప్ఫై అడుగుల వెడల్పున గడ్డి మాయమైంది. ఆ ఆదివారం చర్చి గేటు దగ్గర, ఊరంతా వింటుండగా నోరు జారాడు. "అమ్మ శవం ఇంట్లో ఉంటే ఇటు పొరుగువాడు నా గడ్డి దొంగిలించాడు," అన్నాడు. మలకై మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. "నేను తిన్నగానే కోశాను," అని ఒక్క మాట అని ఇంటికొచ్చాడు.

రెండేళ్ళ కిందట మంచాన పడి పోయే ముందు కూడా ఆ మాటే అన్నాడు. "తిన్నగానే కోశాను డింప్నా." మనిషి పోతూ పోతూ చెప్పుకోవడానికి అంతకన్నా మంచి మాటే దొరకలేదా అని ఆమె చాలాసార్లు ఏడ్చింది, తిట్టుకుంది కూడా. ఆ తరవాత నుంచి ఆమెకి ఒకటే పంతం. గడ్డి కావాలి, నిజమే. కానీ మొగుడి పేరు మీద పడ్డ ఆ మాట పోవాలి. గీత తొక్కాల్సి వస్తే తొక్కుతుంది. మలకై నేర్పినట్టే తొక్కుతుంది. తిన్నగా వెళ్ళి చూపిస్తుంది.

"వెళ్ళి చెప్పు ఆ మనిషికి," అంది గుమ్మంలోంచి. "పదకొండింటికి రాయి దగ్గర ఉంటానని."

"నేను పోస్టువాణ్ణి డింప్నా, రాయబారిని కాదు."

"పదకొండేళ్ళ నుంచి రెండిళ్ళలోనూ టీ తాగి అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోస్తున్నది ఎవరట?"

నోయెల్ సైకిలెక్కాడు.

పదకొండింటికి ఫింటన్ వచ్చాడు. అరవై ఐదేళ్ళ ఒంటరి మనిషి, పొడుగ్గా, టోపీ కింద చెవులు మాత్రం బాగా కనబడేలా ఉంటాడు. గడ్డం గీసుకుని వచ్చాడని డింప్నా గమనించింది. గమనించనట్టు రాయి వైపు చూసింది.

"మిసెస్ క్లాఫీ," అన్నాడు.

"మిస్టర్ గినన్. మీకు తీరికైతే మొదలుపెడదాం."

"నాకేం, తీరికే. మీరు గీత మీద నడిస్తే త్వరగానే అయిపోతుంది."

ఆమెకి ఒళ్ళు మండింది. రాయికి వీపు ఆనించి, మలకై చెప్పినట్టే తల ఎత్తి ఎదురుగా చూసి, అడుగు వేసింది. ఫింటన్ కూడా పక్కనే అడుగు వేశాడు. వాళ్ళిద్దరి మధ్యా చెయ్యి పట్టేంత ఖాళీ కూడా లేదు. అతని కోటులోంచి పొగాకూ తడి ఉన్నీ కలిసిన వాసన వస్తోంది. మలకై కోటుదీ అదే వాసన. ఆమె చూపు ఎదుటి నుంచి తిప్పలేదు.

గడ్డి నడుము దాకా ఉంది. మధ్యమధ్యలో తెల్లటి మెడోస్వీట్ పూలు చేతులకి తగులుతున్నాయి. పదకొండేళ్ళుగా ఇద్దరూ పంతం కొద్దీ సరిహద్దుకి ఇవతలే కోత ఆపేస్తున్నారు కాబట్టి ఈ పట్టీలో కొడవలి పడలేదు. అందులోంచి గడ్డికోడి అరుస్తోంది. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు, క్రెక్ క్రెక్ అని, ఆపకుండా. అవి కరువైపోయాయని పట్నం నుంచి ఎవరెవరో వచ్చి లెక్క రాసుకుపోతున్నారు. ఇక్కడ మాత్రం ఇద్దరు మొండివాళ్ళ పుణ్యమా అని ఒక సంసారం పెట్టుకుంది.

నూరడుగులు నడిచారు. ఇద్దరూ పక్క చూపు చూడలేదు, చూస్తే లొంగిపోయినట్టని. ఇంకో నూరడుగులు. పొగాకు వాసన రావడం మానేసిందని డింప్నాకి అనిపించింది. గాలి తిరిగిందేమో అనుకుంది. గడ్డి చప్పుడు కూడా తన కాళ్ళ కిందదే వినిపిస్తోంది. ఏటి ఒడ్డుకి చేరి, ఎదురుగా నీళ్ళలో నిలబడ్డ నల్ల గుంజ వైపు చూసి, తిన్నగా వచ్చానని తృప్తి పడి, అప్పుడు పక్కకి తిరిగింది.

ఫింటన్ ముప్ఫై అడుగుల అవతల, దిగువన నిలబడి ఉన్నాడు.

"ఏమిటమ్మా అది?" అని అక్కడి నుంచే అరిచాడు. "మొగుడూ పెళ్ళాం ఇద్దరిదీ ఒకటే వంకరా? నా పచ్చిక మధ్యలో నిలబడ్డారు మీరు!"

"వంకర మీది! నేను తిన్నగా వచ్చాను. రాయి, గుంజ. మలకై నాకు చూపించాడు. రాయికి వీపు పెట్టి గుంజ మీద చూపు పెట్టి నడవమన్నాడు, నడిచాను. మీరే పక్కకి జారారు."

 "గుంజా?" అన్నాడు ఫింటన్, ఈసారి అరవకుండా. "గోడ కాదా?"

ఏటి అవతల ఒడ్డున కూలిన పాత కోట గోడ ఒకటుంది. దాని కొన మీద చూపు పెట్టి నడవడం ఫింటన్ వాళ్ళ ఇంట్లో అలవాటు. పడవలకి లోతు చూపించడానికి నీళ్ళలో పాతిన గుంజ పూర్వం సరిగ్గా ఆ గోడకి ఎదురుగానే ఉండేది. దేన్ని చూసి నడిచినా ఒకే చోటికి వచ్చేవాళ్ళు.

"గోడ ఆయనకి ఎక్కడ కనిపిస్తుంది?" అంది డింప్నా. "నలభై దాటినప్పటి నుంచి దూరం చూపు లేదు. కళ్ళజోడు పెట్టుకోమంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. గుంజైతే దగ్గర కదా, అదే చూసుకునేవాడు."

ఫింటన్ గుంజ వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. తరవాత తడి గడ్డిలో అలాగే కూలబడ్డాడు. డింప్నాకి భయం వేసింది. గుండె పట్టుకుందేమో అని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది ఫింటన్? నొప్పా?"

"ఆ ఏడాది చలికాలం వరదకి గుంజ కొట్టుకుపోయింది," అన్నాడు. ఆమె వైపు చూడలేకపోతున్నాడు. "మార్చిలో మళ్ళీ పాతారు. పాత చోట అడుగున బురద. నిలబడలేదు. ఎగువన గట్టి నేల ఉందని, అక్కడ పాతారు. ముప్ఫై అడుగులు పైన."

"మాకెవరూ చెప్పలేదే!"

"మార్చిలో మలకై ఎక్కడున్నాడు?"

ఆమె ఆలోచించింది. ఆలోచించక్కర్లేదు నిజానికి. మార్చిలో మలకై పశువుల పాక మీంచి పడి తొడ ఎముక విరిగి ఏడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. ఏటి వైపు కన్నెత్తి చూడలేదు.

"ఎవరు పాతారు?" అని అడిగింది.

ఫింటన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పడవ నాది. సుత్తి నాది. నేనే పాతాను డింప్నా. అందరికీ తెలుసు కదా అనుకున్నాను. గోడ చూసి నడిచేవాణ్ణి, గుంజ ఎక్కడుంటే నాకేంటి అనుకున్నాను. అతను గుంజ చూసి నడుస్తాడని నాకేం తెలుసు?"

గడ్డికోడి వాళ్ళిద్దరి మధ్యా ఉన్న గడ్డిలోంచి అరిచింది. రెండు గీతలు నలిగి కనబడుతున్నాయి. రాయి దగ్గర ఒకటిగా మొదలై, ఏటి దగ్గరికొచ్చేసరికి ముప్ఫై అడుగులు విడిపోయాయి. డింప్నా ఆ రెండు గీతల్నీ మార్చి మార్చి చూసింది. మలకై తిన్నగానే నడిచాడు. పక్కవాడి గడ్డీ కోశాడు. రెండూ నిజమే. ఇన్నేళ్ళూ తను ఒకదాన్నే పట్టుకుని కూర్చుంది, ఫింటన్ రెండోదాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

ఆమెకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. "దొంగ అన్నావు ఆయన్ని," అంది. "అందరి ముందూ అన్నావు. ఆ తరవాత ఆ మనిషి చర్చికి రావాలంటే వెనక దారిన వచ్చేవాడు. నీకు తెలుసా?"

"చూశాను," అన్నాడు ఫింటన్. "ప్రతి ఆదివారం చూశాను. సిగ్గుపడుతున్నాడనుకున్నాను."

గట్టు మీద డెక్లన్ ట్రాక్టరు హారను కొట్టాడు. ఏరు ఎవరి కోసం ఆగదు కదా. ఫింటన్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నీ వైపు ముందు కోయిద్దాం. మధ్యలోంచి బయటికి కోయమను, కోడి దారి చూసుకుంటుంది. ఈ రెండు గీతల మధ్యదీ వదిలెయ్, ఆలస్యంగా పొదిగిన పిల్లలున్నాయి."

ఆ రోజే కోత అయింది. గురువారం, శుక్రవారం ఎండ నిలబడింది. క్లూనవారాలో అంతకన్నా పెద్ద వింత ఈ మధ్య జరగలేదు. ఫింటన్ తన గడ్డి కన్నా ముందు ఆమె గడ్డి తిరగేశాడు. నోయెల్ ఉత్తరాల సంచీ గట్టు మీద పారేసి పంగలకర్ర పట్టుకున్నాడు. "రెండిళ్ళ మధ్యా మాటలు మొదలయ్యాయి, ఇంక నాకు టీ ఎవరిస్తారు?" అని మొత్తుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఫింటన్ ఆఖరి బండి తోలుకెళుతుంటే చక్రాల కింద నీళ్ళు చిమ్మాయి. సాయంత్రానికి రెండు గీతల మధ్య నిలిచిన గడ్డి ఒక్కటే నీళ్ళలోంచి కనిపించింది. నల్లటి పిల్లల్ని వెంటేసుకుని కోడి అప్పటికే గట్టెక్కి ఫింటన్ బంగాళదుంప మడిలో దూరింది. రాత్రంతా నిద్రపట్టనివ్వలేదని అతను మర్నాడు ఫిర్యాదు చేశాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళంతా మామూలుగా గేటు పక్క గోడకి చేరబడి వాన గురించి మాట్లాడుకుంటున్నారు. డింప్నా అలవాటు కొద్దీ వెనక దారి వైపు తిరిగింది.

"డింప్నా, ఇటు రా," అన్నాడు ఫింటన్.

పదకొండేళ్ళ కిందట నిలబడ్డ చోటే నిలబడ్డాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది. మాటకారి కాదు పాపం, గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. "ఇక్కడే ఓ మాటన్నాను. మీరంతా విన్నారు. మలకై క్లాఫీ గుంజని చూసి తిన్నగా కోశాడు. ఆ గుంజని పక్కకి పాతింది నేను. అతను దొంగ కాదు. ఇది కూడా అందరూ వినండి."

 గోడ దగ్గర్నుంచి ఓ ముసలాయన, "మరి మధ్యలో ఆ ముక్క ఎవరిదయ్యా ఇప్పుడు?" అని అడిగాడు.

"కోడిది," అంది డింప్నా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

తరవాత ఒక్కతే సమాధుల మధ్యకి వెళ్ళి మలకై రాయి ముందు నిలబడింది. చెప్పాల్సింది చాలా ఉంది. రాయి మీద పడ్డ ఆకు తీసేసింది, పాకురు గోటితో గీకింది.

"ఒరే మొండివాడా," అంది. "ముప్ఫై అడుగులు వాళ్ళదే కోశావు. కళ్ళజోడు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను నీకు."

గేటు దగ్గర ఫింటన్ టోపీ పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆమె ముందు దారినే బయటికి నడిచింది.