సిద్ధు వాళ్ల నాయన

ఢామ్మని పేలింది.

చీకట్లో ముందు ఆ చప్పుడే. ఆ వెంట పావురాల రెక్కల టపటప. ఆ వెంట ఎవరివో పాదాల పరుగు, దూరమై దూరమై ఆగిపోయిన పరుగు. తార్పాలిన్ కింద ముడుచుకుని పడుకున్న జగదేవి అన్నీ విన్నది కానీ కదలలేదు. కెమెరా తిరుగుతోంది. పక్కనే పింకి ఊపిరి వెచ్చగా తగులుతోంది. ఇద్దరి ఒంటి మీదా ఖాకీ. ఇద్దరి చేతులకూ కలిపి ఒకటే బేడీ.

సినిమా కథే అది. దొంగను పట్టబోయి తమ బేడీలో తామే చిక్కుకున్న ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల కథ, నవ్వుల కథ. పింకి హైదరాబాదు నటి. షూటింగు బీదరు కోటలో, జగదేవిది ఆ ఊరే. ఒక ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఆమెది. ఒక్క కేకతో ఆమె గుంపును వరుసలో నిలబెట్టడం చూసి, నాకు ఈ గొంతే కావాలని దర్శకుడు పట్టుబట్టి తెచ్చుకున్నాడు.

"కట్!"

తార్పాలిన్ లేచింది, ఎండ కళ్లలో పడింది. జగదేవి మొదట చూసింది కోటగోడ నీడలోని ప్లాస్టిక్ కుర్చీని. కుర్చీ ఖాళీగా ఉంది. దాని కింద ఆయన చెప్పులు మాత్రం ఉన్నాయి.

ట్రాక్టరు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన నాటి నుంచి ఆమె భర్త మనసు ఒక్కచోట నిలవదు. ఒకనాడు చిద్రిలోని తన ఇంటిని గుర్తుపడతాడు, మరునాడు చిమ్కోడులోని చిన్ననాటి ఇంటికి దారి అడుగుతాడు. పెద్ద చప్పుడైతే పారిపోతాడు. ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆమె రోజూ వెంట తెచ్చుకుంటోంది. ఇవాళ తుపాకీ పేలుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మా ఆయనేడి?"

"ఇప్పటిదాంక ఈడనే కూసుండె గదమ్మా!" అన్నాడు టీలు పోసే మాణిక్యప్ప, కెటిల్ పట్టుకునే చుట్టూ తిరిగి చూస్తూ.

బేడీ తాళంచెవి సామాన్లు చూసే జీవరాజ్ జేబులో ఉంది. జీవరాజ్ అన్నాలు తేవడానికి బజారుకు పోయాడు.

"జర ఆగక్కా, తాళం రానీ," అంది పింకి.

"నువ్వు ఆగు. నేను పోతున్న."

జగదేవి లాగిన లాగుకు పింకి కూడా పరుగందుకోక తప్పలేదు.

సహాయ దర్శకురాలు హేబ్సిబా అప్పటికే మైకు అందుకుంది. "పేరు చెప్పమ్మా, పిలుస్త."

జగదేవి నోరు తెరిచింది. మూసింది.

"మొగని పేరు నోటితోని ఎట్ల తీస్తరమ్మా? ఆయుష్షు తగ్గదా?"

"రాసియ్యి మరి."

"రాస్తే తీసినట్టు గాదా?"

పింకి తల పట్టుకోబోయింది. బేడీతో పాటు జగదేవి చెయ్యి కూడా లేచివచ్చి ఆమె చెంపకు ఛెళ్లున తగిలింది.

"నన్నెందుకు కొడ్తవక్కా!"

జగదేవి వినే స్థితిలో లేదు. ఆయన పడిన నాడు డాక్టర్లు ఆశ వదులుకున్నారు. ఆమె వదులుకోలేదు. ఇన్నేళ్లూ పేరును పెదవి దాటనియ్యలేదు కనుకనే ప్రాణం దాటిపోలేదని ఆమె నమ్మకం. ఆయనకు ఇంకా ఎంత మిగిలి ఉందో ఎవరికి తెలుసు? ఆ మిగిలినదాంట్లో ఒక్క పూటనైనా తన నాలుకతో తానే తెంచుకోవాలా?

కొడుకు సిద్ధుకు చేసిన ఫోను మోగి మోగి ఆగిపోయింది. చివరికి కొడుకు పేరే మైకులోకి ఎక్కింది.

"సిద్ధు వాళ్ల నాయన ఎక్కడున్నా తొందరగా షూటింగ్ దగ్గరికి రావాలె!"

వచ్చారు. షూటింగు చూస్తున్న జనంలోంచి ఒకాయన, మెట్ల మీంచి ఇంకొకాయన, మసీదు వైపు నుంచి పంచె ఎత్తిపట్టుకుని మరొకాయన. ముగ్గురి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి.

"మా సిద్ధుకేమైంది మేడం?"

"మీ సిద్ధులకేం గాలే. పోన్రి, మీకు దండం పెడ్త," అంది పింకి. దండం పెట్టడానికి జగదేవి చెయ్యి కూడా కావలసివచ్చింది.

మరొక రోజైతే జగదేవి పడీపడీ నవ్వేది. ఇవాళ ఆమె కళ్లు జనంలో ఆయన కోసమే వెతుకుతున్నాయి.

పచ్చికలో కలుపు తీస్తున్న శరణమ్మ అనే ఆమె కొడవలితో దూరం చూపించింది. "ఉత్త కాళ్లతోని ఒకాయన గా బురుజు దిక్కు ఉరికిండమ్మా. ఏం జేసిండు, దొంగనా?"

"మా ఆయన!"

"మొగన్ని పట్టెతందుకు ఇద్దరు పోలీసులా!" శరణమ్మ బుగ్గన వేలేసుకుంది.

ఉరికారు. ఒకరు లాగితే ఒకరు తూలి, ఒకరు తూలితే ఒకరు నిలిచి, మెట్టుమెట్టుకూ బేడీ గలగలమంటుండగా బురుజెక్కారు.

"నా కాలు మడతపడ్డదక్కా!"

"కాలుకు తర్వాత ఏడుద్దువు, నడువు!"

పైన గాలి. గాలి తప్ప అడ్డం లేదు. పిట్టగోడ మీద, కాళ్లు బయటికి వేలాడేసుకుని ఆయన కూర్చున్నాడు. కింద రాతిని తొలిచిన కందకం నోరు తెరుచుకుని ఉంది.

అలికిడికి ఆయన తల తిప్పాడు. ఖాకీ కనబడింది. అంచుకు జరిగాడు.

"నేనేం జేయలే. మా అవ్వ తోడు, నేనేం జేయలే."

జగదేవి నిలబడిపోయింది. టోపీ తీసి విసిరేసింది. "ఇగో, నేనే. ఇటు సూడు."

"ఎవలు నువ్వు?"

"సిద్ధు నాయనా, దిగిరా. బువ్వ తిందువు."

"సిద్ధు ఎవడు? నాకింకా పెండ్లే గాలే."

ఆ కళ్లలో అబద్ధం లేదు. పెళ్లికాని పిల్లవాడి కళ్లు అవి. కాపురమంతా ఎక్కడికి పోయిందో, తాను ఎక్కడికి పోయిందో జగదేవికి తెలియలేదు.

"మీ అవ్వ తాయవ్వ తోలిచ్చింది మమ్మల్ని," అంది మెల్లగా.

ఆయన ఆలోచించాడు. చనిపోయిన తల్లి పేరు వినగానే ముఖం మెత్తబడింది, మళ్లీ బిగుసుకుంది. "మా అవ్వ తోలిస్తే నా పేరు జెప్పి తోలిస్తది. జెప్పు, నా పేరేంది? జెప్తే దిగుత."



"శివప్ప!" అని అరిచింది పింకి.

ఆయన జరిగాడు.

"నర్సప్ప! బస్వప్ప! ఏదో ఒక అప్ప!"

"మీకు తెల్వది! పట్కపోను వచ్చిన్రు!" ఆయన ఇంకా జరిగాడు. అంచున ఒక పెళ్ల ఊడింది. అది కింద తగిలిన చప్పుడు ఎంతసేపటికో గాని పైకి రాలేదు.

"నీ కాళ్లు మొక్కుత పింకి, నోరు మూయి!"

"అయితే నువ్వు తెరువక్కా!"

ఆయన చేతులు ఆనించి, పిట్టగోడ మీద లేచి నిలబడుతున్నాడు. పేరు ఆమె పళ్ల వెనక దాకా వచ్చింది, వచ్చి ఆగింది. దేవుడా, తగ్గించేది ఉంటే నా లెక్కలోంచి తగ్గించు, అనుకుంది. నా ఏండ్లు తీసుకో. ఆయనవి ముట్టకు.

కొత్త కోడలిగా చిమ్కోడుకు వచ్చిన దినాల్లో, పొద్దుగూకే వేళ అత్త తాయవ్వ గట్టు మీద నిలబడి కొడుకును పిలిచేది. చివరి అక్షరాన్ని చేను దాటేదాకా సాగదీసి పిలిచేది. జొన్నల్లోంచి ఆయన తల పైకెత్తేవాడు. ఆ పిలుపును జగదేవి ఇన్నేళ్లుగా చెవితో మాత్రమే ఎరుగును.

గుండె నిండా గాలి పీల్చుకుంది. బేడీలోని చెయ్యి పింకి చేతిని గట్టిగా పట్టుకుంది. గేటు దగ్గర గుంపును ఆపే గొంతు కాదది, గట్టు మీది గొంతు.

"ఓ పీరప్పా!"