మూడు ఆదివారాల పడవ

గుణశేఖర్‌కి సలహాలు అడగడమంటే మహా ఇష్టం. ఫ్రిజ్ కొన్నా సరే, పదిమందిని అడుగుతాడు. అందరి మాటా తలూపుతూ వింటాడు. చివరికి తనకి తోచిందే చేస్తాడు. అలాంటి మనిషి పడవ కొంటానని బయల్దేరేసరికి, స్టీల్ ప్లాంటులో అతని షిఫ్టు షిఫ్టంతా పడవల నిపుణులైపోయారు.

కొనడం మాత్రం కూతురి కోసమే. హిమబిందు బళ్లో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరి రెండేళ్లు తెరచాప పడవ నడిపింది. పదో తరగతి పరీక్షలయిపోయాయి. జూన్‌లో ఇంటర్‌కి విజయవాడ హాస్టల్. అక్కడ చేరిన పిల్ల ఇంటికొస్తే రెండు రోజులు, ఆ రెండ్రోజులూ పుస్తకాలతోనే. ఈ ఒక్క వేసవే ఉంది. "నువ్వు నడుపు, నానూ అమ్మా కూకుంటాం" అని కూతురికి మాటిచ్చాడు. లక్షా పాతిక వేలు దాటితే ఊరుకోనని భార్య కుసుమకుమారి ముందే గీత గీసింది.

ఆ డబ్బుకి రెండు పడవలు తేలాయి. ఒకటి, నేవీలో రిటైరైన ఒకాయన అమ్ముతున్న పాత పడవ. ముగ్గురెక్కితే నిండిపోతుంది. అడుగున మూడు అతుకులు, చాప వెలిసిపోయింది. దాన్ని చూడ్డానికి సముద్రం ఒడ్డునున్న యారాడ నుంచి జాలరి ఎల్లారావుని వెంటబెట్టుకెళ్లాడు. పదిహేనేళ్లుగా అతని దగ్గరే చేపలు కొంటున్నాడు, ఒకరినొకరు బావా అనుకునే చనువు. ఎల్లారావు పడవ ముందు కొస పట్టుకుని ఒకసారి ఎత్తి దించాడు.

"ఇదే తీస్కో బావా. తేలిగ్గుంది. మేం ఒడ్డున నేకపోయినా మీ ముగ్గురూ లాక్కుంటారు."

గుణశేఖర్ వేళ్లతో తట్టి చూశాడు. ఇరవై ఆరేళ్లుగా ఉక్కు పలకల మధ్య తిరిగిన మనిషి. పల్చటి చప్పుడు వినగానే అతని మొహం మాడిపోయింది. "ఏటి బావా ఇది, అట్టపెట్టెలాగుంది! ఆడపిల్లని దీంట్లో ఎక్కించమంటావా?"

రెండోది ఇంకా పుట్టని పడవ. ఆటోనగర్‌లో ఫైబర్ నీళ్ల ట్యాంకులు చేసే తాతబాబు గుణశేఖర్ సొంతూరివాడు. "పాతదెందుకు మావా? అదే డబ్బుకి కొత్తది సేసిత్తాను. అయిదుగురెక్కొచ్చు. డబల్ మందం ఏత్తాను, ఏనుగు తొక్కినా సెక్కు సెదరదు" అన్నాడు. ఆ మందం మాట గుణశేఖర్ చెవికి అమృతంలా తగిలింది. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు. రెండు చోట్లకీ వెంట వచ్చిన హిమబిందు, తండ్రి సంబరం చూసి నవ్వింది. ఆ నవ్వుని అతను ఒప్పుకోలు కిందే జమ వేసుకున్నాడు. మనిషి మంచివాడే, కానీ తన ఉత్సాహం ముందు ఇంకెవరి మొహమూ కనబడదు.

మూడు వారాలన్న పడవ ఆరు వారాలకి, మే నెలాఖరున యారాడ ఒడ్డున దిగింది.

మొదటి ఆదివారం అంతా బాగానే జరిగినట్టు కనిపించింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిషేధించిన రోజులు కావడంతో ఊళ్లో మగాళ్లంతా ఖాళీ. ఎల్లారావు కేకేస్తే ఎనిమిది మంది భుజం పెట్టి, హైలెస్సా అంటూ కెరటాల్లోకి తోశారు. హిమబిందు చుక్కాని పట్టింది. ఆమె తిప్పుతుంది, పడవ మాత్రం తీరిగ్గా ఆలోచించుకుని ఎప్పటికో తిరుగుతుంది. రెండు కెరటాలు పక్కనుంచి కొట్టేసరికి, తోడుగా ఎక్కిన ఎల్లారావే చుక్కాని అందుకోవాల్సి వచ్చింది. పిల్ల వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

రెండో ఆదివారం ఊరు ఊరంతా భీమిలి వైపు పెళ్లికి తరలిపోయింది. తండ్రీ తల్లీ కూతురూ కలిసి గంటసేపు తోస్తే పడవ జానెడు కూడా కదలలేదు. ఇంటికొచ్చేశారు.

మూడో ఆదివారానికి నిషేధం ముగిసింది. తెల్లారకముందే పడవలన్నీ వేటకి పోయాయి. ఒడ్డున ఎల్లారావు భార్య ఈశ్వరి ఒక్కతే వల బాగుచేసుకుంటోంది. "మగాళ్లు నేకుండా అది కదల్దు అన్నయ్యా, ఊరుకో" అంటున్నా వినకుండా గుణశేఖర్ వీపు ఆనించి తోశాడు. నడుంలో కలుక్కుమంది. తల్లీకూతుళ్లు చెరో రెక్కా పట్టుకుని అతన్ని ఆటో దాకా నడిపించారు.

ఆ గురువారమే విజయవాడ రైలు. నడుముకి బెల్టు కట్టుకుని కూతుర్ని దిగబెట్టడానికి తనే బయల్దేరాడు.

"వచ్చే వేసవికి దీన్ని అమ్మేసి సిన్నది కొందాం బిందూ" అన్నాడు.

"వచ్చే వేసవి క్లాసులుంటాయి నాన్నా."

రైలు దువ్వాడ స్టేషను దాటింది. అప్పుడు అడిగాడు, "ఆ పాత పడవ నిజంగా బాగుండేదంటావా?"

"ఎన్‌సీసీలో నాను నడిపింది అలాటిదే నాన్నా. నానూ, ఇంకో అమ్మాయీ మోసేసుకునేవాళ్లం."

"మరి అప్పుడే సెప్పొచ్చు కదమ్మా!"

హిమబిందు నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఎల్లారావు మావనడిగేవు, తాతబాబునడిగేవు, మీ షిఫ్టులో అందర్నీ అడిగేవు. నన్ను కూడా అడుగుతావేమోనని సూసేను."

ఇంట్లో పడవ నడపడం వచ్చిన మనిషి ఒక్కతే ఉంది, ఆ ఒక్కదాన్నే అతను అడగలేదు. గుణశేఖర్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. కూతురికి కనబడకుండా కిటికీ వైపు తిరుగుదామనుకున్నాడు. నడుం తిరగలేదు.